అమ్మేయమనడం తేలికే

కర్రీ పాయింట్ నడిపే ఆడవాళ్లకి యాభై దాటగానే ఇంటిల్లిపాదీ సలహాదారులే. "ఎందుకమ్మా ఈ అవస్థ, అమ్మేయ్!" అదే కొట్టు నాన్నదైతే ఆ మాట అంటారా? అమ్మిన డబ్బుకి బ్యాంకు వడ్డీ నెలకెంత, కొట్టు ఇప్పుడు చేతికిస్తున్నదెంత, పక్కపక్కన ఎవరైనా రాసి చూశారా?

కొనేవాడు మాత్రం లెక్క తెలిసినవాడు. పొయ్యిలతో పాటు మీ కొట్టుకున్న పేరూ కొని, ఆ చుట్టుపక్కల మళ్లీ ఇదే వ్యాపారం పెట్టనని మీచేత రాయించుకోవచ్చు. సమంజసమైన హద్దుల్లో అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అందుకు ఒప్పుకుంటుంది. అంటే పోయేది కొట్టొక్కటే కాదు, అక్కడ మీ చేతి వంట అమ్ముకునే హక్కూను.

ఒంట్లో ఓపిక లేకపోతే అమ్మండి, తప్పులేదు. పేరుకీ వెల కట్టించండి, కాగితం చదివాకే సంతకం పెట్టండి, డబ్బు మీ ఖాతాలోనే వేయించుకోండి. అల్లుడికి నామోషీగా ఉందని మాత్రం అమ్మకండి.