కుక్క కథ విన్నందుకు పశ్చాత్తాపమా?



ఈ వారం వాక్యధ్యానం పక్కన పెట్టి ఒక గొడవ గురించి వ్రాస్తున్నాను. మన సంఘంలో బీడీలు చుట్టే ఒక అక్క, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో సాక్ష్యం చెబుతూ, బిడ్డ ఫోన్‌లో ఒక నవల వింటున్నామని, అది ఒక మనిషి, అతని కుక్క కథ అని, ఈ మధ్య కాలంలో తనకు అంత సంతోషం కలగలేదని చెప్పింది. అంతే చెప్పింది. రాత్రికల్లా ఒక వాయిస్ మెసేజ్ ఇంటింటికీ పాకింది. కల్పిత కథలు వినేవాళ్లు, కుక్క కోసం కన్నీళ్లు కార్చేవాళ్లు సంఘం ముందు ఒప్పుకొని విడిచిపెట్టేదాకా బల్లకు రావొద్దట! ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ వ్రాయను. ఆయన మాట అందరి చెవినా పడింది గనుక నా జవాబు కూడా అందరికీ వినబడాలి.

ముందు ఆ కథ ఏమిటో తెలుసుకుందాం. తిట్టినవాళ్లలో ఎందరు విన్నారో నాకు అనుమానమే. అమెరికా రచయిత జాక్ లండన్ 1903లో అచ్చువేసిన 'ది కాల్ ఆఫ్ ద వైల్డ్' అది. ఏడు అధ్యాయాల చిన్న నవల. వినడానికి మూడు గంటల పైచిలుకు. 2005లో మొదలైన లిబ్రివాక్స్ అనే చోట వాలంటీర్లు పాత పుస్తకాలను చదివి రికార్డు చేసి ఉచితంగా పెడతారు, పైసా ఖర్చు లేదు. ఇంటర్ చదివే బిడ్డ ఇంగ్లిష్ బాగుపడాలని వింటూ, కొంచెం కొంచెం ఆపి తల్లికి మన మాటల్లో చెబుతున్నది. తల్లి చేతులు చేటలోని తునికాకు మీద, చెవులు బిడ్డ మీద.

కథలో కుక్క పేరు బక్. కాలిఫోర్నియాలో ఒక జడ్జిగారి తోటలో రాజాలాగ బతికేది. 1897లో ఉత్తరాన క్లాండైక్‌లో బంగారం దొరికిందని జనం ఎగబడ్డారు. మంచు మీద బండ్లు లాగడానికి బలమైన కుక్కలు కావాలి. తోటలో పనిచేసేవాడు జూదం అలవాటున్నవాడు, జీతం చాలదు. నమ్మి వెంట వచ్చిన బక్‌ను రాత్రిపూట స్టేషన్‌కు తీసుకుపోయి అమ్మేశాడు. పెట్టెలో వేసి రైలెక్కించారు. రెండు రోజులు తిండి లేదు, నీళ్లు లేవు. దిగిన చోట ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఒకడు దుడ్డుకర్రతో కొట్టి కొట్టి లొంగదీశాడు. తరువాత చేతులు మారుతూ పోయింది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పాలా? నమ్మినవాడే ఏజెంటుకు అప్పజెప్పడం, ఒక పని అని చెప్పి ఇంకో పనిలో దింపడం, దిగగానే పాస్‌పోర్టు కఫీల్ చేతిలోకి పోవడం, తెలియని భాషలో తిట్లు. ఆ అక్క భర్త పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాడు. బిడ్డ ఫోన్ చేసి నాయనకు కూడా ఆ పెట్టె సంగతి చెప్పిందట. ఆయన చాలాసేపు ఏమీ అనలేదట. ఆ తరువాత, తాను దిగిన మొదటి వారం ఎట్లా గడిచిందో మొట్టమొదటిసారి ఇంట్లోవాళ్లకు చెప్పాడట. నేను పాస్టర్‌గా ఎన్నిసార్లు అడిగినా "బాగానే ఉన్న అయ్యగారూ" అన్న మనిషి!

ఇక జాన్ థార్న్‌టన్ వస్తాడు. ఒక మూర్ఖుడు చావగొడుతుంటే అడ్డుపడి బక్‌ను కాపాడతాడు. ఆ కుక్క వాగులో కొట్టుకుపోతున్న థార్న్‌టన్‌ను బతికిస్తుంది. అతని పందెం కోసం వెయ్యి పౌండ్ల బరువున్న బండిని, అంటే మన లెక్కలో నాలుగున్నర క్వింటాళ్లను, మంచులో నుంచి పెకలించి లాగుతుంది. ఆ అక్క సంతోషించింది ఇక్కడే. ఎవరూ ప్రేమించని పశువును ఒకడు ప్రేమించాడని సంతోషించింది. దీన్ని పాపమని పిలవాలంటే నాకు నోరు రావడం లేదు.

"కల్పితం అంటే అబద్ధమే కదా" అన్నది వాయిస్ మెసేజ్‌లోని పెద్ద వాదం. అలాగైతే రెండవ సమూయేలు 12వ అధ్యాయం తెరవండి. దావీదు ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్నాడు. నాతాను ప్రవక్త వచ్చాడు. ధర్మశాస్త్రం చదివి వినిపించలేదు. ఆజ్ఞలు దావీదుకు తెలియక కాదు. ఒక కథ చెప్పాడు. ఒక పేదవాడు, అతనికి ఒకే ఒక గొఱ్ఱెపిల్ల. అతని ముద్దలోనే తింటుంది, అతని గిన్నెలోనే తాగుతుంది, అతని ఒడిలో పడుకుంటుంది, కన్నబిడ్డతో సమానం. ఒక ధనవంతుడు దాన్ని లాక్కొని చుట్టానికి వండిపెట్టాడు. ఆ పేదవాడు లేడు, ఆ గొఱ్ఱెపిల్లా లేదు. ఒక మనిషి, అతని పెంపుడు జంతువు. పూర్తిగా కల్పించిన కథ, చెవితో విన్న కథ. రాజు మండిపడి ధనవంతునికి మరణశిక్ష వేశాడు, నాలుగింతల పరిహారం విధించాడు. కథ తన గురించే అని అప్పటికి అతనికి తెలియదు. ఊరియా చచ్చిపోయినప్పుడు కదలని గుండె, లేని గొఱ్ఱెపిల్ల కోసం కదిలింది. ప్రవక్త అబద్ధికుడా మరి? మంచి సమరయుని కథలో పూటకూళ్లవాని ఇంటిపేరు ఏమిటని మనలో ఎవరమైనా అడిగామా?

కుక్క అపవిత్రం అన్న మాటకు వద్దాం. ఫిలిప్పీ 3వ అధ్యాయం ఎత్తి చూపుతున్నారు. అక్కడ పౌలు అన్నది తప్పుడు బోధకులను. వీధిలో తోక ఊపే ప్రాణిని కాదు. లూకా 16లో ధనవంతుడు తన వాకిట పడి ఉన్న లాజరును పట్టించుకోలేదు, దగ్గరికి వచ్చింది కుక్కలే. మత్తయి 15లో కనాను స్త్రీ తనను కుక్కపిల్లలతో పోల్చుకోవడానికి సిగ్గుపడలేదు, ప్రభువు ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు. కతోలిక సోదరుల బైబిలులో తోబీతు గ్రంథం ఉంది. అందులో కుర్రవాడు దూర ప్రయాణం పోతుంటే దేవదూతతోపాటు ఇంటి కుక్క కూడా వెంట నడుస్తుంది. మన బైబిలులో ఆ గ్రంథం లేదు గనుక దాని మీద నేను వాదన కట్టను, కాని ఆ కుక్క నాకు ఇష్టం. మన బైబిలులో ఉన్నదే చూసుకున్నా, నీనెవె మీద దేవుని జాలితో ముగిసే యోనా గ్రంథంలో చివరి మాట పశువుల గురించే.

చెవితో కథ వినడం ఏదో కొత్తగా వచ్చిన తెగులు అన్నట్టు మాట్లాడుతున్నారు. మనం ఏ నేల మీద ఉన్నాం? మన వేములవాడ పక్కన హన్మాజీపేట ఒగ్గుకథ మిద్దె రాములు ఊరు. అదే ఊళ్లో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి చిన్నప్పుడు హరికథలు, జంగం కథలు విని పెరిగి, 1988 జ్ఞానపీఠ్ దాకా పోయాడు. ఆ కథల్లోని దేవుళ్లను మనం కొలువము, అది వేరే సంగతి. వినే చెవి మాత్రం ఈ నేల ఇచ్చిందే. సువార్త కూడా చదువురాని మన తాతలకు చెవిలోంచే వచ్చింది. 1939లో జాయ్ రిడ్డర్‌హాఫ్ అనే సహోదరి లాస్ ఏంజెల్స్‌లో గాస్పెల్ రికార్డింగ్స్ మొదలుపెట్టింది చదవలేనివాళ్ల కోసమే కదా.

"ఆ మూడు గంటలు వాక్యం వినొచ్చు కదా" అంటారు. వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టే వేళ అవుతుంది, నడుము విరిగిపోతుంది. సిరిసిల్లలో సాంచెల మధ్య నిలబడే తమ్ముణ్ణి అడగండి, పన్నెండు గంటల చప్పుడు అంటే ఏమిటో. ఆ అక్క వేళ్లు కంపెనీ పనిలో ఉన్నాయి, చెవులనైనా ఆమెకు వదిలేయండి. ఆమె రోజూ వాక్యం వింటుంది, నాకు తెలుసు. క్రికెట్ మ్యాచ్ ఉన్న ఆదివారం సాయంకాల కూడికలో మగవాళ్ల వైపు ఎంత ఖాళీ ఉంటుందో కూడా నాకు తెలుసు. దాని మీద ఇంతవరకు ఒక్క వాయిస్ మెసేజ్ రాలేదు.

కొందరు మధ్యేమార్గంగా "నీతి ఉంటే వినొచ్చు" అంటున్నారు. ఆ రాజీ నాకు వద్దు. ఏడవ దినాన విశ్రమించిన దేవుడు ఆ విశ్రాంతికి లెక్క అడగలేదు. అలసిన మనిషి ఒక మంచి కథ విని నవ్వితే దానికి రసీదు ఎందుకు?

ఆ నవలలో ప్రతి మాటా నాకు నచ్చిందని కాదు. బలమున్నవాడిదే రాజ్యం, దుడ్డుకర్రే చట్టం అన్న భావన అందులో బలంగా ఉంది; క్రీస్తు శిష్యునికి అది సరిపడదు. థార్న్‌టన్‌ను చంపే ఆదివాసులను రచయిత మనుషుల్లా కాక రాక్షసుల్లా చూపించాడు. మన తాతముత్తాతలను కూడా అలాగే చిత్రించిన పెద్దమనుషులు ఉన్నారు గనుక అది నాకు మండింది. ఆ బిడ్డతో ఈ మాటే అన్నాను. "నాక్కూడా అక్కడ మంచిగ అనిపియ్యలే అయ్యగారూ" అన్నది. చెవులు మూయించి ఉంటే ఈ మాట ఆమె నోట వచ్చేదా?

కుక్కలంటే భయపడే తల్లులను నేను తక్కువ చేయడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపిన వీడియో ఎవరూ మరచిపోలేదు. కథలోని కుక్కను ప్రేమించమంటే వీధికుక్క నోట్లో చెయ్యి పెట్టమని కాదు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వ దవాఖానకు పోండి, సూదులన్నీ పూర్తి చేయండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. పసుపు, కారం, నాటుమందు జోలికి పోవద్దు. ప్రార్థన చేస్తూనే దవాఖానకు పోవచ్చు. పెంచుకునే కుక్కకు ఏటేటా టీకా వేయించండి. సామెతలు 12వ అధ్యాయం నీతిమంతుని గురించి చెప్పింది కూడా ఇదే, తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని.

వచ్చే ఆదివారం బల్ల ఉంది. ఆ అక్క ఎప్పటిలాగే వస్తుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు, ఆమె ఏమీ ఒప్పుకోదు. మెసేజ్ పెట్టిన అన్నకు నేను ఫోన్ చేశాను, శనివారం సాయంత్రం వాళ్లింటికి వస్తున్నానని చెప్పాను. ఆయన ఒప్పుకుంటే ఆ బిడ్డను కూడా వెంట తీసుకుపోతాను, మొదటి అధ్యాయం ఆయనకు కూడా చెబుతుంది.