కొండదారిలో నిజం చెప్పే బోర్డు



ఫ్రాన్సు దేశంలో ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలు ఎక్కే పేరున్న దారులు చాలావాటిలో సైకిల్ తొక్కేవాళ్ల కోసమే చిన్న బోర్డులు పెట్టారు. సుమారు కిలోమీటరుకు ఒకటి ఉంటుంది. ఇప్పుడు ఎంత ఎత్తులో ఉన్నారు, పైకి ఇంకా ఎన్ని కిలోమీటర్లు, రాబోయే కిలోమీటరు సగటున ఎంత ఏటవాలు అన్నది దాని మీద రాసి ఉంటుంది. 8 శాతం అంటే ఆ ఒక్క కిలోమీటరులో 80 మీటర్లు పైకి ఎక్కాలన్నమాట.

మన ఘాట్ రోడ్ల బోర్డులు మలుపు ఉందనీ, హారన్ కొట్టమనీ చెబుతాయి. అవి ఇంజను ఉన్నవాళ్లకు. సొంత కాళ్లతో ఎక్కేవాడికి కావలసిన మాట వేరు.

ఆ బోర్డు కొండను అంగుళమైనా తగ్గించదు. "ఇంకొంచెమే, వచ్చేసింది" అని బుజ్జగించదు. 10 శాతం ఉంటే 10 అనే చెబుతుంది. అయినా తొక్కేవాడికి అదే ధైర్యం. వేగం పడిపోయి ఊపిరి అందనప్పుడు "నా పని అయిపోయింది" అనుకుంటాడు. బోర్డు చూస్తే తెలుస్తుంది, కాళ్లు బాగానే ఉన్నాయి, దారే నిటారుగా ఉందని. గేరు తగ్గించి మెల్లగా సాగుతాడు.

ఆల్ప్ దుయెజ్ అనే కొండదారి చూడండి. దాదాపు 14 కిలోమీటర్లు, 21 మలుపులు. టూర్ ద ఫ్రాన్స్ పందెం 1952లో మొదటిసారి అక్కడికి ఎక్కింది. మలుపుల నంబర్లు కింద 21తో మొదలై పైకి పోయేకొద్దీ తగ్గుతాయి. వాటి బోర్డుల మీద అక్కడ గెలిచినవారి పేర్లు ఉంటాయి. నీకంటే ముందు ఈ దారిన ఎక్కినవారు ఉన్నారని ఆ పేర్లు చెబుతాయి.

ఇప్పుడు మన ఓదార్పు మాటలు ఆలోచించండి. క్యాన్సర్ మందులు వాడుతున్న తల్లి ఇంటికి వెళ్తాం. "ఏమీ కాదమ్మా, అంతా సర్దుకుంటుంది" అని ప్రార్థించి లేస్తాం. నెలలు గడిచినా సర్దుకోకపోతే ఆ తల్లి ఏమనుకుంటుంది? "నా విశ్వాసం చాలలేదు" అనుకుంటుంది. దారి ఎంత నిటారో చెప్పకుండా, ఆ బరువు ఆమె విశ్వాసం మీద వేసినట్టే కదా! దీన్ని ఓదార్పు అనడానికి నాకు మనసొప్పదు.

నిజం చెబితే ధైర్యం చెడుతుందని కొందరంటారు. ఆ భయమూ న్యాయమే. అందుకే ఆ చిన్న బోర్డు ముందున్న కొండంతటి ఏటవాలు ఒకేసారి చెప్పదు, రాబోయే కిలోమీటరు ఏటవాలే చెబుతుంది. మనమూ అలాగే అడగవచ్చు. "ఈ వారం ఆసుపత్రికి తోడు ఎవరమ్మా? ఆ రోజు పిల్లలకు వంట ఎవరు చేస్తారు?" "ఇది కష్టమైన దారి, నువ్వు నెమ్మదించడం తప్పు కాదు" అని చెప్పవచ్చు. ఇదే దారి నడిచి వచ్చిన మరో సహోదరిని ఆమె దగ్గరకు తీసుకెళ్లవచ్చు.

బైబిలులో 120 నుండి 134 వరకు పదిహేను యాత్ర కీర్తనలున్నాయి. వాటిలో సంతోషంతోపాటు తిరస్కారం, కన్నీళ్లు, అగాధంలోనుండి పెట్టిన మొర కూడా ఉన్నాయి. దారి సులువని అవి ఎక్కడా నటించవు.

ప్రియులారా, మన సంఘంలో ఎవరైనా వెనకబడినట్టు కనిపిస్తే, వారి వేగాన్ని కొలిచేముందు వారి కాళ్ల కింద దారి ఎంత నిటారుగా ఉందో అడుగుదాం. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.