మద్యం దుకాణంపై ఊరికి ఓటు ఇవ్వండి





మద్యం దుకాణాల మీద స్థానికుల ఓటు గురించి 2025 మార్చిలో మహారాష్ట్ర శాసనసభ చర్చించింది. అక్కడ నాలుగో వంతు మహిళా ఓటర్లు సంతకాలు పెట్టి అడిగితే రహస్య ఓటింగ్ జరపాలని 2008 నుంచీ నిబంధన ఉంది. బ్యాలెట్ మీద నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి. మొత్తం ఓటర్లలో సగానికి పైగా పడుకున్న సీసాకు ఓటేస్తే దుకాణం మూతపడాల్సిందే. రాజస్థాన్‌లోనూ 2016లో రాజ్‌సమంద్ జిల్లా కచ్ఛబలి గ్రామస్థులు ఇలాగే ఓటేసి తమ ఊరి దుకాణాన్ని మూయించారు.

మన తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఈ మాట ఎందుకు రాదు? ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను లాటరీ తీసి ఇచ్చారు. దుకాణం ఎవరికి దక్కాలో లాటరీ తేల్చింది. అసలు ఊరికి అది కావాలా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఏజెన్సీ గ్రామసభలకు మద్యాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం 1996 నాటి పెసా చట్టంలోనే ఉంది. అదే హక్కు మైదాన ప్రాంత గ్రామాలకు ఎందుకు ఉండకూడదు?

1992లో దూబగుంట రోశమ్మ, ఆమెతోటి నెల్లూరు జిల్లా మహిళలు సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ఆ పోరాటం వల్లే 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధాన్ని ఎత్తేశారు. తెచ్చిందీ తీసేసిందీ అప్పటి రాజధాని హైదరాబాదే. నిర్ణయం ఊరిదే అయి ఉంటే దాన్ని కాపాడుకునేవాళ్లు కూడా ఊళ్లోనే ఉండేవారు.

గ్రామసభలో చేతులెత్తే పద్ధతి ఇందుకు చాలదు. దుకాణదారు ముందు, తాగివచ్చే భర్త ముందు ఎంతమంది ఆడవాళ్లు ధైర్యంగా చెయ్యెత్తగలరు? రహస్య బ్యాలెట్ కావాలి. మహారాష్ట్ర నిబంధనలోని లోపాన్నీ సరిదిద్దుకోవాలి. మొత్తం ఓటర్ల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే వలసపోయినవాళ్లు, జాబితాలో పేరు మిగిలిన చనిపోయినవాళ్లు దుకాణం పక్షాన నిలిచినట్టే అవుతుంది. పోలైన ఓట్లలో సగం దాటితే చాలనాలి.

ఖజానాకు గండి పడుతుందంటారు. ఆ రాబడి కూలి డబ్బులోంచి, పిల్లల ఫీజుల్లోంచి, తాకట్టు పెట్టిన పుస్తెల్లోంచి వస్తోంది. పక్క ఊరికెళ్లి తాగుతారంటారు. కొందరు వెళ్తారు, నిజమే. అయినా బడికి దారిలో సీసాలు పగలవు, పొద్దున్నే పనికి బయల్దేరినవాడికి గడప దగ్గరే దుకాణం ఎదురవదు. అనుమతి లేని బెల్టు షాపులు పుట్టుకొస్తాయన్నది పెద్ద భయం. అందుకే మూయాలని ఓటేసిన ఊళ్లో బెల్టు షాపు కనబడితే స్థానిక ఎక్సైజ్ అధికారిని బాధ్యుణ్ణి చేసే నిబంధన కూడా చట్టంలో ఉండాలి.

సర్పంచిని ఎన్నుకునే తెలివి ఉందని మా చేతికి ఓటిచ్చారు. మా వీధిలో మద్యం అమ్మాలో వద్దో తేల్చే తెలివీ మాకుంది. రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభ్యులు వచ్చే సమావేశాల్లోనే ఇందుకు బిల్లు తేవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నెల్లూరు జిల్లా