పోర్టులు కాదయ్యా, వాట్లు!

మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో సెల్లార్‌లోని పీఓఈ స్విచ్, అంటే సీసీ కెమెరాలకు నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పెట్టె, మార్చాలన్న మాట వచ్చింది. "ఎనిమిది కెమెరాలు, ఎనిమిది పోర్టుల పీఓఈ స్విచ్. ఇందులో ఆలోచించడానికేముందండీ?" అన్నారు సెక్రటరీగారు. అందరూ తలూపారు. నాకు ఒళ్లు మండింది. పాతది కొన్నదీ ఇదే లెక్కతో! పగలంతా అది బుద్ధిగానే ఉంటుంది. చీకటిపడి కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే రెండు కెమెరాలు పడుకుంటాయి, లేస్తాయి, మళ్లీ పడుకుంటాయి. దొంగ పగలొస్తాడా, రాత్రొస్తాడా?

ఇన్వర్టర్ కొనేటప్పుడు మనవాళ్ల తెలివి చూడాలి. ఫ్యాన్లెన్ని, లైట్లెన్ని, టీవీ ఆడుతుందా, మిక్సీ వేయొచ్చా అని అన్నీ అడిగాకే బేరం. వెనకున్న సాకెట్లు లెక్కపెట్టి ఇన్వర్టర్ కొన్నవాణ్ని ఒక్కణ్ని చూపించండి. ఆ మనిషే స్విచ్ దగ్గరికొచ్చేసరికి కన్నాలు లెక్కపెడతాడు!

2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టులోకి 15.4 వాట్ల దాకా పంపొచ్చు. కేబుల్ తినేది పోను అవతల పరికరానికి దక్కేది 12.95. ఎనిమిది పోర్టులూ అంతంత లాగితే 123 వాట్లు కావాలి. అట్టపెట్టె మీద చూస్తే చీమతలంత అక్షరాల్లో "మొత్తం 60 వాట్లు" అని ఉంటుంది. పంచితే తలా ఏడున్నర. మూడొందల విస్తళ్లు వేసి నూటయాభైమందికి వండినట్టు!

ఇక కేబుల్ సంగతి. పైన "క్యాట్ సిక్స్" అని ముద్ర ఉంటుంది, లోపల రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. మాది బ్లేడుతో గీకి చూశాను, తెల్లగా మెరిసింది. రాగి కంటే ఆ తీగకు నిరోధం ఎక్కువ. అసలే చాలని కరెంటు కొంత దారిలోనే వేడై పోతుంది. దీనికి రాగి ధర వసూలు చేసినవాణ్ని ఏమనాలో మీరే చెప్పండి.

"మేనేజ్డ్ స్విచ్ తీసుకోండి సార్" అంటాడు షాపతను. ఎనిమిది కెమెరాలకు ఆ సెట్టింగుల హంగులన్నీ ఎందుకయ్యా? మామూలుది చాలు. చవగ్గా దొరికే "పాసివ్" పెట్టెల జోలికి మాత్రం పోవద్దు. ప్రమాణానికి కట్టుబడిన స్విచ్ అవతలున్న పరికరం కరెంటు తీసుకునేదేనా అని ముందు పరీక్షించి, ఆ తర్వాతే ఇస్తుంది. పాసివ్ పెట్టె అడగదు, ఇచ్చేస్తుంది. పొరపాటున వేరేదేదైనా తగిలిస్తే కాలిపోవచ్చు.

మరేం చేయాలంటారా? కెమెరాలు రాత్రిపూట లాగే గరిష్ఠ వాట్లు కూడండి, పైన పావు వంతు వేసుకోండి, అంతే. ఇదంతా మీటింగ్‌లో చెప్పాను. సెక్రటరీగారు ఓపిగ్గా విని, "అయితే పదహారు పోర్టులది కొందామా?" అన్నారు.

మీరైనా వినండి. కొనే ముందు పెట్టె తిప్పి చూడండి. మొత్తం ఎన్ని వాట్లో రాసి లేకపోతే, అది ఎన్ని పోర్టులదైనా సరే, షాపులోనే వదిలేసి రండి.