జ్వరం మాత్ర వేసి పొద్దున చూద్దాం అనకండి



హాస్టల్లో ఎవరికైనా గట్టిగా జ్వరం వస్తే మనం చేసేది ఒకటే. పారాసెటమాల్ వేసి, దుప్పటి కప్పి, "పొద్దున చూద్దాంలే" అంటాం. మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు, పొద్దున దాకా ఆగదు. 24 గంటల్లోనే ప్రాణం తీయగలదు.

దీన్ని తెచ్చేవాటిలో మెనింగోకోకస్ అనే బ్యాక్టీరియా ఒకటి. పదిమందిలో దాదాపు ఒకరి ముక్కులో, గొంతులో అది ఏ హానీ చేయకుండానే ఉంటుంది. తుంపర్లతో పక్కవాళ్లకు పాకుతుంది. కొద్దిమందిలో మాత్రం గొంతు పొర దాటి రక్తంలోకి దిగుతుంది. దాని చుట్టూ చక్కెర పదార్థంతో ఒక తొడుగు ఉంటుంది కాబట్టి తెల్లరక్తకణాలు దాన్ని తేలిగ్గా మింగలేవు. అక్కడి నుంచి మెదడు పొరల్లోకి చేరితే వాపు మొదలు. భరించలేని తలనొప్పి, వాంతులు, మెడ వంగదు, వెలుతురు చూడలేరు. దాని విషం రక్తనాళాలను దెబ్బతీస్తే ఒంటిమీద మచ్చలొస్తాయి, గాజు గ్లాసుతో నొక్కినా పోవు. మన నల్లటి ఒంటిమీద అవి తొందరగా కనపడవు. అరచేతులు, అరికాళ్లు, కంటిరెప్పల లోపల చూడాలి. మచ్చల కోసం ఎదురు మాత్రం చూడొద్దు.

ఏజెన్సీలో జ్వరమంటే మలేరియానే అనుకుంటాం. ఆ పరీక్ష చేయించాల్సిందే. కానీ నెగెటివ్ వచ్చిందని మెడ బిగిసిన పిల్లాణ్ణి వెనక్కి తీసుకురాకండి. రాత్రయినా 108కి ఫోన్ చేయండి. నడుములోంచి నీరు తీస్తామంటే కాళ్లు పడిపోతాయని మన అమ్మానాన్నలు భయపడతారు. ఆ పరీక్ష ఎందుకో మన భాషలో చెప్పాల్సింది చదువుకున్న మనమే. పక్క మంచాలవాళ్లకు ముందుజాగ్రత్త మందు కావాలా అని డాక్టర్‌ని అడగాలి.

ఇలాంటి జబ్బొస్తే "వీళ్లకు శుభ్రత లేదు" అంటారు. మేం ఒప్పుకోం. సైనికుల బ్యారక్‌లలో, అమెరికా కాలేజీ హాస్టళ్లలో కూడా ఇది వచ్చింది. అక్కడ కొత్తగా చేరే పిల్లలకు టీకా వేయించుకోమంటారు. మన దేశంలో హజ్ యాత్రికులకు వేస్తారు. జబ్బు కులం, తెగ చూడదు, కిక్కిరిసిన గదిని చూస్తుంది.

అందుకే మంచాల మధ్య ఎడం, తెరుచుకునే కిటికీ, రాత్రిపూట బండి అడుగుదాం. ఇవి సౌకర్యాలు కావు, ప్రాణాలు.