ముందు పొడవు చూడండి

పెళ్లి ఫొటోగ్రాఫర్ మెడ ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కాలర్ పక్కన పట్టీ ఒరిసి కమిలిన గీత ఉంటుంది. ఎండాకాలం ముహూర్తాల్లో చెమట తగిలి అది భగ్గుమంటుంది. కెమెరాకు 70-200 లెన్స్ బిగిస్తే బరువు రెండు కిలోలకు అటూ ఇటూ. ఎదురుకోళ్ల నుంచి అప్పగింతల దాకా దించే వీలుండదు. మనిషి భారీగా ఉంటే ఈ బాధ ఇంకా ఎక్కువ. తప్పు ఒంటిది కాదు, పట్టీ పొడవుది.

కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే స్ట్రాప్ మెడలో వేసుకోవడానికి కుట్టింది. నిండైన ఛాతీ, పొట్ట ఉన్నవాళ్లు దాన్ని జంధ్యంలా వేసుకుంటే కెమెరా తుంటి దాకా దిగదు, చంక కిందే ఇరుక్కుంటుంది. తలంబ్రాల వేళ జనం తలల మీదుగా తీద్దామని చేతులెత్తితే పట్టీ వీపున బిగుసుకుని కెమెరాను కిందికి గుంజుతుంది. ఆ క్షణం పోతే పోయినట్టే.

పట్టీ కొనేటప్పుడు చాలామంది మెత్త ఎంత మందమో నొక్కి చూస్తారు. పొడవు చూడమంటాను నేను. దర్జీ టేపు ఎడమ భుజం మీద పెట్టి, ఛాతీ మీదుగా కుడి తుంటికి, అక్కణ్నుంచి వీపు మీదుగా మళ్లీ భుజానికి తెచ్చి కొలవండి. పనిలో వేసుకునే బట్టల మీదే, వదులుగా. పీక్ డిజైన్ వారి స్లైడ్ పట్టీని 99 నుంచి 145 సెంటీమీటర్ల దాకా సర్దుకోవచ్చు. మీ కొలత ఆ పై అంకెకు చేరువైతే ఇంకా పొడవైనది వెతుక్కోవడమే మేలు.

వెడల్పు ఎంత ఉంటే అంత సుఖమన్నదీ నిజం కాదు. మెడ పొట్టిగా ఉన్నవాళ్లకు మరీ వెడల్పు పట్టీ అంచు మెడకు కోసుకుంటుంది. నియోప్రీన్ మెత్తగానే ఉంటుంది గానీ సాగుతుంది, నడుస్తుంటే కెమెరా ఊగుతుంది, చెమట పీల్చదు.

ట్రైపాడ్ మరకు తగిలించే జారుడు పట్టీలే నాకు నచ్చుతాయి. పట్టీ భుజం మీద కదలదు, కెమెరా ఒక్కటే కంటి దాకా జారి వస్తుంది. కొన్నింటికి చంక కింద నుంచి పోయే చిన్న పట్టీ ఉంటుంది. లావు చేతులకు అది ఒరుసుకుంటుంది కాబట్టి విప్పేసే వీలున్నదే తీసుకోండి. మర బిగువు మాత్రం పని మధ్యలో చూసుకుంటూ ఉండాలి.

తయారీదారులు గరిష్ఠ పొడవును పెట్టె మీద పెద్దక్షరాల్లో ముద్రించాలి. అమ్మేవాళ్లు తొడిగి చూడనివ్వాలి. మీ బరువైన లెన్స్ వెంట తీసుకెళ్లి, పట్టీకి తగిలించి, వంగి, చేతులెత్తి చూడండి. ప్యాకెట్ విప్పం అంటే ఇంకో కొట్టుకు నడవండి.