పొందిన రక్షణ పోతుందా?

తెలుగు క్రైస్తవుల కూటాల్లో కొత్తగా వచ్చినవాళ్లను పలకరించాక అడిగే మొదటి ప్రశ్న, "రక్షణ పొందారా?" అని. పొందినవాళ్లు సాక్ష్యం చెబుతారు. ఫలానా ఏడు, ఫలానా ఉజ్జీవ కూటంలో, ఫలానా వాక్యం విన్నప్పుడు అని చాలామంది తేదీతో సహా చెప్పగలరు. దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది. కూటంలో దాన్ని పైకి అడిగేవాళ్లు తక్కువ, ఇంటికి వెళ్లాక అడిగేవాళ్లే ఎక్కువ. ఆ తేదీ తర్వాత మనిషి విశ్వాసం వదిలేస్తే ఏమవుతుంది? పొందింది పోయినట్టా, అసలు పొందనే లేదనా?

కోస్తాలో ఒకే ఊళ్లో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. బ్రదరన్ సంఘంలో అడిగితే, దేవుడిచ్చిన రక్షణ పోయేది కాదంటారు. పెంతెకోస్తు సంఘాల్లో చాలాచోట్ల, జాగ్రత్తగా ఉండకపోతే పోగొట్టుకుంటావంటారు. లూథరన్ సంఘం బోధ కూడా పోవచ్చనే చెబుతుంది. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణంలోనే ఆ మాట ఉంది. ఈ తేడాలు మన దగ్గర పుట్టినవి కావు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో వేసిన పునాది మీద బ్రదరన్ సంఘాలు లేచాయి. 1842లో గుంటూరు చేరిన మిషనరీ హెయర్ లూథరన్. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టుల పొలం. మెదక్ వైపు వెస్లీ శిష్యులు పనిచేశారు. యూరప్‌లో వందల ఏళ్లు వాదించుకుని విడిపోయిన బోధలన్నీ ఇక్కడ వందేళ్లు తిరక్కుండానే పక్కపక్కన దిగాయి. ప్రొటెస్టెంట్లందరి చేతిలో ఉన్న తెలుగు బైబిలు మాత్రం దాదాపు ఒకటే.

పోదు అనేవాళ్ల బలం ముందు చూడాలి. యోహాను సువార్త పదో అధ్యాయంలో యేసు తన గొర్రెలను గురించి చెబుతూ, వాటిని తన చేతిలోనుంచి ఎవరూ అపహరించలేరంటాడు. పౌలు రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం చివర మరణం, జీవం, దేవదూతలు, రాబోయేవి అంటూ పెద్ద జాబితా చదివి, ఇవేవీ మనల్ని దేవుని ప్రేమకు దూరం చేయలేవంటాడు. రెండో పక్షం దీనికి ఒక జవాబు చెబుతుంది: బయటివాడు లాక్కోలేడు సరే, లోపలివాడు తానే లేచి వెళ్లిపోతే? దానికి మొదటి పక్షం పౌలు జాబితా ఆఖరి మాట చూపిస్తుంది. సృష్టింపబడిన మరేదైనా సరే అంటాడు పౌలు. మనిషి కూడా సృష్టింపబడ్డవాడే కదా!

అయితే ఈ పక్షం అసలు బలం వాక్యాల లెక్కలో లేదని నాకనిపిస్తుంది. రక్షణ మొదలైనప్పుడు నా యోగ్యత ఏమీ లేదు, అంతా కృపే అని ఒప్పుకున్నవాణ్ని, మర్నాటి నుంచి దాన్ని నా బలంతో మోసుకుపో అంటే ఎలా? నన్ను లేపడానికి చాలని నా శక్తి నన్ను నిలబెట్టడానికి చాలుతుందా? ఈ ప్రశ్నకు ఎదుటి పక్షం పూర్తిగా తృప్తినిచ్చే జవాబు చెప్పగా నేను వినలేదు.

ఇక రెండో పక్షం. హెబ్రీయులకు రాసిన పత్రిక తెరిస్తే చాలు. ఆ పత్రిక అందుకున్నవాళ్లు ఒకప్పుడు ఆస్తులు దోచుకుంటే కూడా సంతోషంగా సహించినవాళ్లు. ఇప్పుడు అలిసిపోయి వెనక్కి చూస్తున్నారు. అలాంటివాళ్లకు ఆరో అధ్యాయంలో వచ్చే హెచ్చరిక చదువుతుంటే ఈనాటికీ గుండె ఝల్లుమంటుంది. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, పరిశుద్ధాత్మలో పాలు పొంది, ఆ తర్వాత తప్పిపోతే వాళ్లను మళ్లీ మారుమనస్సుకు తేవడం అసాధ్యమంటాడు రచయిత. ఇది నిజమైన విశ్వాసుల గురించి కాదు, పైపైన రుచి చూసినవాళ్ల గురించి అని మొదటి పక్షంలో చాలామంది వ్యాఖ్యానిస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. పరిశుద్ధాత్మలో పాలివాడైన మనిషిని నకిలీ విశ్వాసి అంటే ఇక నిజమైన విశ్వాసిని చెప్పడానికి భాషలో ఏం మిగులుతుంది? ఈ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివేది రెండో పక్షమే.

ఈ ప్రశ్న సంఘం మీద మొదటిసారి బరువుగా పడింది కూడా గ్రంథాల్లో కాదు, బజారులో. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డెసియస్, ప్రజలందరూ దేవతలకు బలి ఇచ్చి తీరాలని ఆజ్ఞ వేశాడు. ఇచ్చినవాళ్లకు అధికారుల ఎదుట సాక్షి సంతకంతో ఒక పత్రం దొరికేది. ఈజిప్టు ఇసుకలో ఆ పత్రాలు కొన్ని బయటపడ్డాయి: పేరు, ఊరు, నేను ఎప్పుడూ బలులర్పిస్తూనే ఉన్నాను అన్న వాంగ్మూలం, కింద అధికారి సంతకం. భయపడి బలి ఇచ్చిన క్రైస్తవులున్నారు, బలి ఇవ్వకుండా డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. హింస తగ్గాక వాళ్లంతా ఏడుస్తూ తిరిగొచ్చారు. రోములో నొవేషియన్, ఇలాంటివాళ్లను సంఘం మళ్లీ చేర్చుకోకూడదు, వాళ్ల సంగతి దేవుడే చూసుకుంటాడన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ పశ్చాత్తాపం చూసి, గడువు పెట్టి, చేర్చుకోవచ్చన్నాడు. సంఘం చివరికి సిప్రియన్ దారినే నడిచింది. హెబ్రీ పత్రికలోని "అసాధ్యం" అన్న మాటను తిరిగొస్తామని ఏడ్చేవాడి మీద ప్రయోగించకూడదని ఆనాడే తేలిపోయింది. నా మట్టుకు ఇది చాలా పెద్ద తీర్పు.

తర్వాతి చరిత్రలో అగస్టీను, రెండు పక్షాలకూ సొంతమైనట్టే కనిపిస్తూ దేనికీ పూర్తిగా దక్కకుండా ఉంటాడు. చివరి దాకా నిలవడం కూడా దేవుని వరమేనని ఆయన తన చివరి రచనల్లో గట్టిగా చెప్పాడు. కానీ ఆ వరం ఎవరికి దక్కిందో మనిషి బతికుండగా తేల్చి చెప్పలేమన్నాడు. 1547లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ కూడా, ప్రత్యేకమైన ప్రత్యక్షత లేనిదే తాను కడదాకా నిలుస్తానని ఎవరూ నిశ్చయంగా చెప్పుకోరాదని తీర్మానించింది. నిశ్చయత విశ్వాసి హక్కు అని ప్రొటెస్టెంట్లలో కాల్విన్ వర్గం నిలబడింది. ఆ వాదన 1618 నవంబరు నుంచి 1619 మే దాకా నెదర్లాండ్స్‌లోని డోర్డ్రెక్ట్‌లో జరిగిన సభలో పూర్తి రూపం తీసుకుంది.

డోర్డ్రెక్ట్ సభ నిజంగా ఏమందో తెలుసుకోకుండానే దాని పేరు వాడేవాళ్లు ఎక్కువ. చెయ్యెత్తి ప్రార్థన చేశావు, ఇక ఎలా బతికినా పరలోకం ఖాయం అని ఆ సభ ఎక్కడా చెప్పలేదు. విశ్వాసులు ఘోరంగా పడిపోగలరని దావీదును, పేతురును పేరు పెట్టి మరీ చెప్పింది. అలా పడినవాళ్లు పరిశుద్ధాత్మను దుఃఖపెడతారు, మనస్సాక్షికి గాయం చేసుకుంటారు, కొంతకాలం దేవుని దయ తమ మీద ఉందన్న స్పృహ కూడా కోల్పోతారు. అయినా దేవుడు వాళ్లను పూర్తిగా పోనివ్వడు. ఎలా? వాక్యంలోని వాగ్దానాలతో, బోధతో, బెదిరింపులతో కూడా. అంటే హెబ్రీ పత్రికలోని హెచ్చరిక కూడా దేవుడు తనవాళ్లను కాపాడే సాధనమే.

జరగని దాని గురించి బెదిరించడమేమిటని అడగవచ్చు. అపొస్తలుల కార్యములు 27లో దీనికి పోలిక ఉంది. తుపానులో చిక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. ఒక్క ప్రాణం కూడా పోదని దేవదూత చెప్పాడని పౌలు అందరికీ ధైర్యం చెప్పాడు. కొద్ది రోజులకు నావికులు లంగరు వేసే నెపంతో చిన్న పడవ దించుకుని పారిపోబోయారు. అప్పుడు అదే పౌలు సైనికులతో, వీళ్లు ఓడలో ఉండకపోతే మీరు బతకలేరన్నాడు. సైనికులు పడవ తాళ్లు కోసేశారు. అందరూ ఒడ్డెక్కారు. వాగ్దానం నిజమే, హెచ్చరికా నిజమే. ఆ హెచ్చరిక వినబట్టే వాగ్దానం నెరవేరింది. డోర్డ్రెక్ట్ పక్షం వాదనల్లో నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది ఇదే.

అవతలి పక్షానికీ ఇలాంటి న్యాయమే చేయాలి. జాన్ వెస్లీ, నిజమైన విశ్వాసి కూడా పడిపోయి నశించవచ్చని 1751లో ఒక చిన్న పుస్తకమే రాశాడు. కానీ సోమవారం కోపం వస్తే రక్షణ పోయి, ఆదివారం ప్రార్థన చేస్తే మళ్లీ వస్తుందన్నది వెస్లీ బోధ కాదు. పడినవాళ్లు తిరిగి లేవవచ్చని, అలా లేచినవాళ్లను తాను ఎరుగుదునని ఆయన ప్రసంగించాడు. మన కూటాల్లో కొన్నిచోట్ల వినిపించే బోధ, ప్రతి తప్పుకూ రక్షణ ఎగిరిపోయినట్టు మాట్లాడి పసిపిల్లల్ని కూడా రాత్రిళ్లు నిద్రపోనివ్వని బోధ, వెస్లీ తలకు చుట్టకూడదు. చెయ్యెత్తితే చాలన్న బోధను కాల్విన్ తలకు చుట్టకూడనట్టే.

సిద్ధాంతం సరిగ్గా ఉన్నా మనసు కుదుటపడుతుందని హామీ లేదు. దీనికి జాన్ బన్యన్ కన్నా మంచి సాక్షి లేడు. "యాత్రికుని ప్రయాణము" తెలుగు క్రైస్తవుల ఇళ్లకు ఎంతో కాలంగా తెలిసిన పుస్తకం. దాన్ని 1678లో అచ్చువేయకముందే 1666లో ఆయన తన ఆత్మకథ రాశాడు. క్రీస్తును అమ్మెయ్యి, అమ్మెయ్యి అని లోపల ఒక గొంతు నెలల తరబడి వేధించింది. భోజనం దగ్గర కూడా వదల్లేదు. చివరికి ఒక ఉదయం మంచం మీద ఉండగా, పోతే పోనీ అన్న ఆలోచన మనసులో మెదిలింది. అంతే, తాను ఏశావునైపోయానని నమ్మాడు. కూడు కోసం జ్యేష్ఠత్వం అమ్ముకుని, తర్వాత కన్నీళ్లతో వెదికినా దొరకని ఏశావు కథ కూడా హెబ్రీ పత్రికలోనే ఉంది. బన్యన్ తన పాపాన్ని దావీదు పాపంతో, పేతురు పాపంతో, యూదా పాపంతో తూచి చూసుకున్నాడు. దావీదు, పేతురు పాపాల కన్నా తనదే బరువు తూగింది, యూదా పాపానికే దగ్గరగా కనిపించింది. ఆయనకు ఊరట దొరికింది ఒక పొలం దాటుతుండగా: తన నీతి పరలోకంలో, క్రీస్తు దగ్గర ఉందని, తన మనసు బాగున్నంత మాత్రాన అది పెరగదని, బాగోలేనంత మాత్రాన తరగదని తట్టింది. మొదటి పక్షం ఇవ్వగలిగిన గొప్ప వరం ఇదే. అయినా అదే బన్యన్, "యాత్రికుని ప్రయాణము"లో నిరాశతో ఇనుప బోనులో చిక్కిన మనిషిని చూపించాడు. పుస్తకం చివర, పరలోక ద్వారం పక్కనుంచి కూడా నరకానికి దారి ఉందన్నాడు. ఓదార్పు అందుకున్న తర్వాత కూడా ఆయన హెచ్చరికను చెరిపేయలేదు.

పుస్తకాలు పక్కన పెట్టి, ఈ బోధలు ఎవరి మీద ఎలా పడతాయో కూడా చూడాలి. ఒక తల్లిని తీసుకోండి. ఆమె కొడుకు యవ్వనస్తుల కూటాల్లో పాటలు పాడేవాడు, ఉపవాస ప్రార్థనల్లో కూర్చునేవాడు. ఉద్యోగానికి నగరం వెళ్లాక ఇవేవీ నమ్మనన్నాడు. ఆ తల్లికి మొదటి పక్షం ఏం చెబుతుంది? వాడు మొదటినుంచీ నిజంగా నమ్మలేదని. మనలోనుంచి బయలువెళ్లినవారు మనవారు కారని యోహాను పత్రికలో ఉంది మరి. ఓదార్పుకు పేరుపడ్డ బోధ ఇక్కడ కఠినంగా మారుతుంది. ఆ పిల్లవాడి పదేళ్ల ప్రార్థనలూ ఉత్తవేనని ఆమె ఒప్పుకోవాలి. రెండో పక్షం మాత్రం, వాడు నిజంగానే నమ్మాడు, ఇప్పుడు వదిలాడు, తిరిగి రావచ్చు అని చెప్పగలదు. ఆమె కళ్లారా చూసింది అబద్ధం కాదంటుంది.

మంచాన పడ్డ ముసలి విశ్వాసి దగ్గర ఇది తలకిందులవుతుంది. మతిమరుపు ముదిరి పిల్లల్నే గుర్తుపట్టని పెద్దాయన. ప్రార్థన మొదలుపెడితే రెండో వాక్యం రాదు. మాట తూలుతుంది, ఒక్కోసారి బూతులు కూడా వస్తాయి. రోగం వల్ల రక్షణ పోతుందని రెండో పక్షం కూడా అనదు. కానీ గట్టిగా పట్టుకో అని మనిషికి చెప్పడం మీదే నిలిచిన బోధకు, పట్టుకోవడానికి చెయ్యే లేని మనిషి దగ్గర చెప్పే మాటలు తక్కువ. పట్టుకున్నది నువ్వు కాదు, ఆయన అన్న బోధకు అక్కడ చెప్పేది చాలా ఉంది.

నేను ఎటు మొగ్గుతానో దాచను. మనిషిని నిలబెట్టేది ఎవరన్న విషయంలో మొదటి పక్షానిదే సరైన మాట. హెబ్రీ పత్రిక ఎవరితో మాట్లాడుతోందన్న విషయంలో రెండో పక్షానిది. ఈ రెండూ ఒక్క సూత్రంలో ఇమడవని వాదించేవాళ్లతో నేను ఏకీభవిస్తాను. ఓడ కథ చాలా దూరం తీసుకెళుతుంది గాని, చివరి దాకా కాదు. ఆ ఓడలో నిజంగా ఎవరూ చనిపోలేదు. విశ్వాసం వదిలి, తిరిగి రాకుండానే చనిపోయినవాళ్లు మన మధ్య ఉన్నారు.

పోవచ్చనే పక్షానికి పేరిచ్చిన ఆర్మీనియస్ కూడా, నిజమైన విశ్వాసి పూర్తిగా పడిపోతాడని తాను ఎన్నడూ బోధించలేదని, అయితే అలా ధ్వనించే వాక్యాలున్న సంగతి దాచననీ చెప్పాడు. ఆయన 1609లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన శిష్యులు ఐదు అంశాలు రాసి ప్రభుత్వానికిచ్చారు. నాలుగింటిలో ఖండితంగా మాట్లాడిన ఆ మనుషులు, ఐదో అంశమైన ఈ ప్రశ్న దగ్గర మాత్రం, లేఖనాల్లో ఇంకా వెదికితే గాని నిశ్చయంగా బోధించలేమని రాశారు. 1618 నాటికి వాళ్లు కూడా ఒక పక్కకు తేల్చేశారు. నేను మాత్రం 1610లో వాళ్లు రాసిన మాట దగ్గరే ఉన్నాను.